ట్యాంకరా, బోరా, ఇంకుడు గుంతా? జలాశయాలు అడుగంటే ఎండాకాలంలో ఇంటికి ఏది నయం

వేసవి మొదలవగానే హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగుకు వెళ్లినా ఒకటే చర్చ. బోరు తగ్గింది, నల్లా నీళ్లు సరిపోవడం లేదు. ఇంకో బోరు వేయిద్దామా, ట్యాంకర్లు మాట్లాడుకుందామా? సగం మంది ఇటు, సగం మంది అటు. ఏది తేలినా ఆ నెల మెయింటెనెన్స్ మాత్రం పెరుగుతుంది.

ఆ రెండింటిలో ఏదో ఒకటి తప్ప వేరే దారి లేదనుకోవడమే అసలు చిక్కు. రెండూ కొత్త నీళ్లు తెచ్చుకునే మార్గాలే. ఉన్న నీళ్లు ఎటు పోతున్నాయో చూడకుండా కొత్త నీళ్ల మీద డబ్బు పెడితే, ఆ ఖర్చు ఏటా పెరుగుతూనే ఉంటుంది. నేనైతే ఈ వరసలో వెళ్లమంటాను: ముందు కొలత, తర్వాత కుళాయిలూ ఫ్లష్ ట్యాంకులూ బాగు చేసుకోవడం, ఆ తర్వాత ఏ ఇల్లు ఎంత వాడుతోందో తెలిసే ఏర్పాటు. అప్పటికీ చాలకపోతే ట్యాంకర్. వానలకు ముందే ఇంకుడు గుంత. కొత్త బోరు అన్నిటికంటే ఆఖరున.

డ్యామ్‌లో నీళ్లున్నా నల్లా ఎందుకు సన్నబడుతుంది

హైదరాబాద్ నల్లాల్లోకి వచ్చే నీళ్లలో పెద్ద వాటా కృష్ణా, గోదావరులది. కృష్ణా నీళ్లు మూడు దశల్లో వచ్చాయి: 2004, 2008, 2015. ఒక్కో దశకు రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, మొత్తం 270. గోదావరి నీళ్లు శ్రీపాద ఎల్లంపల్లి నుంచి రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు. సింగూరు, మంజీరా, గండిపేట, హిమాయత్ సాగర్‌ల వంతు వీటి తర్వాతే.

నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. మట్టం 510 అడుగులకు దిగినా అందులో ఇంకా 130 టీఎంసీలకు పైగా ఉంటుంది. పేపర్లో ఈ అంకె చూసినవారికి ఇంత నీరుండగా కరువేమిటని అనిపిస్తుంది. కానీ 510 కనీస మట్టం. పుట్టంగండి దగ్గర పంపులు ఆ నీటిని ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరుకు పంపితే, అక్కడి నుంచి కోదండాపూర్‌లో శుద్ధి అయి నగరానికి వస్తుంది. మట్టం కిందికి జారితే ఆ పంపులకు నీరందదు. దిగువన అదనపు పంపులు పెట్టి తోడాలి. 2024 ఏప్రిల్‌లో జరిగింది అదే. అంతకుముందు ఏడాది ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి మన రుతుపవనాలు బలహీనపడే పరిస్థితి) వచ్చింది. 1901 నుంచి చూస్తే దేశం మొత్తం మీద అత్యంత తక్కువ వాన పడిన ఆగస్టు 2023 ఆగస్టే. కృష్ణాకు రావాల్సిన వరద రాలేదు. ఆ లోటు మనకు తెలిసింది మరుసటి ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో.

ఇంటి ఏర్పాట్లు చేసుకునేవారికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. వచ్చే వేసవి ఎలా ఉంటుందో అక్టోబరులోనే చాలావరకు తెలిసిపోతుంది. దసరా నాటికి శ్రీశైలం 885 అడుగులకూ, సాగర్ 590కీ దగ్గరగా ఉన్నాయంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. లేదంటే ఏప్రిల్ కోసం ఆగకండి. అప్పుడే పనులు మొదలుపెట్టండి. ప్లంబర్ దొరుకుతాడు, రేట్లూ మామూలుగా ఉంటాయి, టెన్షన్ ఉండదు.

మీ ప్రాంతానికి ఏ నీళ్లు వస్తాయో లైన్‌మన్‌ను అడిగి తెలుసుకోవడం కూడా అవసరమే. 2016 వేసవికి సింగూరు, మంజీరా, గండిపేట, హిమాయత్ సాగర్ నాలుగూ ఎండిపోయాయి. నగరం కృష్ణా, గోదావరి నీళ్ల మీదే నెట్టుకొచ్చింది. అదే ఏడాది మంజీరా నదికి ఎగువన మహారాష్ట్రలోని లాతూరుకు రైల్లో నీళ్లు మోశారు. విశాఖలో ఉన్నవారు ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డ మట్టాలు చూసుకోవాలి. చెన్నైలో ఉన్న తెలుగువారు కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీళ్లను కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2019లో అక్కడి నాలుగు ప్రధాన జలాశయాలు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్నారు.

ఆంక్షలు ఊరికో తీరుగా వస్తాయి. కేప్‌టౌన్‌లో 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే వాడమన్నారు. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగినా, మొక్కలకు పోసినా 5,000 రూపాయల జరిమానా అన్నారు. కుళాయిలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీటి వాడకం తగ్గించే చిన్న జల్లెడలు) బిగించుకోమని అక్కడి వాణిజ్య భవనాలకూ అపార్ట్‌మెంట్లకూ ఆదేశాలు వచ్చాయి. మన దగ్గర చాలా కాలనీల్లో నీళ్లు వచ్చేదే రోజు మార్చి రోజు. అందుకే ఆంక్ష అన్న పేరేమీ లేకుండానే కోత పడుతుంది. గంట వచ్చే నీళ్లు ముప్పావు గంట వస్తాయి, ప్రెషర్ తగ్గుతుంది, అంతే. అందుకని ఎవరో ప్రకటించే దాకా చూడకుండా మన మీటరు మనమే చూసుకోవాలి.

ముందు లెక్క

భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. నలుగురున్న ఇంటికి రోజుకు 540, నెలకు 16,200 లీటర్లు. 2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో గృహ కనెక్షన్లకు అమలవుతున్న ఉచిత నీటి పథకం కింద కుటుంబానికి నెలకు 20,000 లీటర్లు. లెక్క ప్రకారం చాలాలి. చాలడం లేదంటే రెండే కారణాలు: అంత నీరు మన దాకా రావడం లేదు, లేదా వచ్చింది వచ్చినట్టే కారిపోతోంది. ఈ రెండింటిలో ఏదో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఎనభై మంది ఉన్నారనుకుందాం. మనిషికి 135 చొప్పున రోజుకు 10,800 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండుకు పైనే. అదే వాడకాన్ని మనిషికి 100 లీటర్లకు తెస్తే రోజుకు 8,000 చాలు. రోజుకు 2,800 లీటర్ల తేడా, నెలకు 84,000. దాదాపు పదిహేడు ట్యాంకర్లు తప్పించుకున్నట్టు. వంద లీటర్లతో ఇబ్బంది లేకుండా స్నానం, వంట, బట్టలు, బాత్రూమ్ అన్నీ గడుస్తాయి. కేప్‌టౌన్‌వాళ్లు పడ్డ కష్టం మనం పడక్కర్లేదు.

కొలవడానికి పెద్ద పరికరాలేమీ వద్దు. నల్లా మీటరు రీడింగు రోజూ ఒకే వేళకు వాచ్‌మన్‌తో రాయించండి. ట్యాంకర్ వస్తే అదీ రాయించండి. బోరు మోటారు ఎన్ని గంటలు నడిచిందో రాయించండి. రెండు వారాల పుస్తకం చేతిలో ఉంటే మీటింగులో వాదన మారిపోతుంది. రాత్రి పడుకునే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం గుర్తుపెట్టి తెల్లవారుజామున మళ్లీ చూడండి. ఎవరూ వాడని ఆ నాలుగైదు గంటల్లో మట్టం బాగా దిగిపోయిందంటే నీళ్లు ఎక్కడో కారిపోతున్నట్టే. చాలా భవనాల్లో అసలు దొంగ దొరికేది ఇక్కడే.

తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేవి

రాత్రిపూట ట్యాంకు దిగిపోవడానికి ఎక్కువగా కారణం ఫ్లష్ ట్యాంకులు. లోపలి రబ్బరు వాషరు అరిగితే నీళ్లు చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారుతూనే ఉంటాయి. పైనుంచి చూస్తే కనిపించదు. ట్యాంకు మూత తీసి నాలుగు చుక్కల నీలిమందు వేసి, అరగంట ఎవరినీ ఫ్లష్ చేయవద్దనండి. కమోడ్‌లో నీళ్లు నీలంగా మారాయంటే వాషరు పోయినట్టే. దాని ఖరీదు చాలా తక్కువ. కానీ ఫ్లాట్‌కు రెండు బాత్రూములు, ఇరవై ఫ్లాట్లు అంటే నలభై ట్యాంకులు. ఒక ఆదివారం ప్లంబర్‌ను పెట్టి అన్నీ ఒకేసారి చూపిస్తే, ఆ రోజు కూలీ మొదటి వారంలోనే తిరిగి వచ్చేస్తుంది.

తర్వాత కుళాయిలు. వంటింటి కుళాయి కింద పది లీటర్ల బకెట్ పెట్టి పూర్తిగా తిప్పి, ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్‌లో చూడండి. యాభై సెకన్లయితే నిమిషానికి 12 లీటర్లు. ఏరేటర్ బిగిస్తే అది ఐదు లీటర్ల దగ్గరికి వస్తుంది. గిన్నెలు కడగడం, కూరగాయలు కడగడం, చేతులు కడుక్కోవడం అన్నీ కలిపి ఇంట్లో రోజుకు అరగంట కుళాయి తిరుగుతుందనుకుంటే 360 లీటర్లు 150కి దిగుతాయి. 210 లీటర్లు ఆదా. నీటికి గాలి కలుస్తుంది కాబట్టి ధార నిండుగానే అనిపిస్తుంది, పనిమనిషికీ ఇబ్బంది ఉండదు.

ఏరేటర్ అన్నిచోట్లా పనికిరాదు. బకెట్ నింపుకునే కుళాయికి పెడితే లాభం లేదు, ఆ బకెట్ ఎలాగూ నిండాల్సిందే. పై అంతస్తులో ప్రెషర్ ముందే తక్కువైతే చికాకు పుడుతుంది. బోరు నీళ్లు వాడేచోట జల్లెడకు తెల్లటి సున్నం పడుతుంది. నెలకోసారి విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టి కడగాలి. ఈ పని చేయని ఇళ్లలో ఆర్నెల్లకు ఏరేటర్లు ఊడి డ్రాయర్లలోకి చేరతాయి.

ఫ్లష్ విషయంలో ఇంకో ఎంపిక ఉంది. పాత ట్యాంకు ఒక్కోసారికి పది లీటర్లు వదులుతుంది. రెండు బటన్లది చిన్నదానికి మూడు, పెద్దదానికి ఆరు. నలుగురు రోజుకు ఐదేసి సార్లు వాడితే పాతదానికి 200 లీటర్లు, కొత్తదానికి (ఐదింటిలో నాలుగుసార్లు చిన్నది, ఒకసారి పెద్దది నొక్కితే) 72. ఆదా బాగుంది కానీ ట్యాంకు మార్చడం ఖర్చు. సొంతిల్లయితే, పాతది ఎలాగూ రిపేరుకు వచ్చిందంటే, మార్చేయండి. అద్దెకుంటే లీటరు సీసాలో నీళ్లు నింపి మూత బిగించి ట్యాంకులో ఓ పక్కగా నిలబెట్టండి. ప్రతిసారీ లీటరు మిగులుతుంది. ఫ్లోట్‌కు తగలకుండా చూసుకుంటే చాలు.

ఆర్ఓ మిషను వదిలేసే నీళ్లు, వాషింగ్ మెషిన్ చివరి జాలింపు నీళ్లు పైపు తిప్పి బకెట్‌లో పట్టుకోవచ్చు. ఇల్లు తుడవడానికి, బాత్రూములో పోయడానికి బాగా పనికొస్తాయి. ఆర్ఓ వదిలేసిన నీటిలో లవణాలు ఎక్కువ, రోజూ కుండీల్లో పోస్తే మొక్కలు పాడవుతాయి. స్నానాల నీటిని శుద్ధి చేసి ఫ్లష్‌లకు పంపే వ్యవస్థ పాత భవనంలో పెట్టాలంటే పైపులన్నీ మార్చాలి. కొత్తగా కట్టేవారు మాత్రం ఇది తప్పక అడగాలి. కట్టేటప్పుడు రెండు వరసల పైపులు వేయించడం తేలిక, తర్వాత వేయించడం చాలా కష్టం.

ఉన్న నీళ్లు ఎలా పంచుకోవాలి

అపార్ట్‌మెంట్లలో గొడవలు పుట్టేది ఇక్కడే కాబట్టి దీనికి కొంచెం ఎక్కువ చోటిస్తున్నాను. మూడు పద్ధతులున్నాయి: నీళ్లు వదిలే వేళలు తగ్గించడం, మనుషుల లెక్కన ఖర్చు పంచడం, ఫ్లాట్‌కో మీటరు పెట్టడం.

వేళలు తగ్గించడానికి పైసా ఖర్చు లేదు, అందుకే కమిటీలు ముందు దాన్నే పట్టుకుంటాయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట అని బోర్డు పెడతారు. మొదటి రెండు రోజులు వాడకం తగ్గుతుంది. తర్వాత ప్రతి ఇంట్లో డ్రమ్ములూ బకెట్లూ పుట్టుకొస్తాయి. మర్నాడు కొత్త నీళ్లు రాగానే నిన్నటివి పారబోసి మళ్లీ పడతారు. ఇంట్లో మంచం మీద పెద్దవాళ్లో, పసిపిల్లలో ఉన్నవారికి ఇది నరకం. మూత లేని డ్రమ్ములో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల అత్యవసరానికి తప్ప ఈ పద్ధతి వద్దు. తప్పనిసరైతే డ్రమ్ములకు మూతలు ఉండాలి, వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి లోపల రుద్ది కడగాలి.

మనుషుల లెక్కన పంచడం దానికంటే న్యాయం. ఇద్దరు పెద్దవాళ్లున్న ఫ్లాట్ ఆరుగురున్న ఫ్లాట్‌తో సమానంగా ట్యాంకర్ డబ్బులు కట్టడం ఎవరికైనా కష్టమే. నీళ్ల ఖర్చును మెయింటెనెన్స్ నుంచి విడదీసి, తలకు ఇంతని వేస్తే సగం ఫిర్యాదులు పోతాయి. కానీ ఇందులో ఆదా చేసినవారికి ప్రత్యేకంగా మిగిలేదేమీ ఉండదు. చుట్టాలు వచ్చి నెలరోజులున్నా లెక్కలోకి రారు.

మీటర్లే అన్నిటికంటే మేలు. బిల్లు తన పేరు మీద వస్తే మనిషి కుళాయి కట్టేస్తాడు, ఇందులో ఎవరినీ తప్పు పట్టాల్సిన పని లేదు. చిక్కు ఎక్కడంటే, మన పాత అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాట్‌కు నీళ్లు ఒకే పైపులో రావు. టెర్రస్ మీది నుంచి వంటింటికో పైపు, రెండు బాత్రూములకు రెండు, వాష్ ఏరియాకు ఇంకోటి దిగుతాయి. అంటే ఫ్లాట్‌కు మూడు నాలుగు మీటర్లు. ఖర్చూ అంతే రెట్లు. కొటేషన్ తీసుకునే ముందు టెర్రస్ మీద పైపులు లెక్కపెట్టండి. ఒక్కో పైపు దారిలో ఉన్న ఫ్లాట్లన్నిటికీ లోపలే మీటర్లు పెట్టగలరా, రీడింగుకు ప్రతి నెలా ఇంట్లోకి వెళ్లాలా అని అడగండి. బడ్జెట్ కుదరకపోతే మధ్యేమార్గం ఒకటుంది: భవనానికి ఎక్కే ప్రధాన పైపుకు ఒక మీటరు, టెర్రస్ నుంచి దిగే ఒక్కో వరసకు ఒక్కోటి. ఏ వరసలో ఎక్కువ పోతోందో తెలుస్తుంది. లీకేజీ పట్టుకోవడానికి అది చాలు.

జలమండలి (హైదరాబాద్ నీటి సరఫరా బోర్డు) మీటరు సంగతి కూడా ఇక్కడే. ఉచిత 20,000 లీటర్లు అపార్ట్‌మెంట్లకు వర్తించాలంటే పనిచేసే మీటరు, ఫ్లాట్లవారీగా ఆధార్ అనుసంధానం ఉండాలి. మీటరు ఆగిపోయి ఉంటే మీకు రావాల్సింది కోల్పోతున్నట్టే. 155313కు ఫోన్ చేసి క్యాన్ నంబరు (మీ నల్లా కనెక్షన్ ఖాతా సంఖ్య) చెప్పి వివరాలు కనుక్కోండి.

ట్యాంకర్: జలమండలిదా, ప్రైవేటుదా

జలమండలి ట్యాంకర్ 2024 నాటి ధర ప్రకారం ఇంటి వాడకానికి 5,000 లీటర్లకు 500 రూపాయలు. లీటరుకు పది పైసలు. శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన నీళ్లు. ఎండలు ముదిరితే మాత్రం బుక్ చేసిన రోజే రావు, అందుకని సంపు ఖాళీ అయ్యే దాకా ఆగకూడదు. సగానికి వచ్చినప్పుడే బుక్ చేసే అలవాటు పెట్టుకోండి.

ప్రైవేటు ట్యాంకర్ ఫోన్ చేస్తే వస్తుంది, కానీ రేటుకు హద్దు ఉండదు. ఊరి చివరి కాలనీల్లో ఏప్రిల్, మే నెలల్లో జలమండలి ధరకు రెండు మూడు రెట్లు అడుగుతారు. ఆ నీళ్లు ఎక్కువగా ఎక్కడో వ్యవసాయ బోరువి. టీడీఎస్ పెన్ను ముంచి చూడటం మంచిదే, 500 లోపుంటే తాగునీటి ప్రమాణానికి తగినట్టు. అయితే ఆ పెన్ను చెప్పేది కరిగిన లవణాల సంగతే, సూక్ష్మజీవుల గురించి ఏమీ చెప్పదు. ప్రైవేటు నీళ్లను స్నానాలకూ బట్టలకూ ఉంచి, తాగడానికీ వంటకూ నల్లా నీళ్లు విడిగా నిల్వ పెట్టుకోవడం మేలు. రెండు సంపులున్న భవనాలకు ఇది సులువు. ఒకే సంపు ఉంటే ట్యాంకర్ నీళ్లు పడ్డాక క్లోరిన్ వేయించడం మరిచిపోవద్దు.

ఇంకో మాట. బిల్లు మీద 5,000 అని ఉన్నా సంపులో పడింది ఎంతో ఎవరూ చూడరు. మా వాచ్‌మన్ చేసే పని మీరూ చేయించండి. ట్యాంకర్ పైపు పెట్టకముందు సంపులో పొడవాటి కర్ర నిలువుగా దించి, తడి ఎక్కడి దాకా ఉందో సుద్దముక్కతో గీత గీస్తాడు. నీళ్లు పోయడం అయ్యాక మళ్లీ దించుతాడు. సంపు పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటే ఒక్క అడుగు నీళ్లకు దాదాపు 2,265 లీటర్లు. 5,000 లీటర్లు పడితే రెండు గీతల మధ్య రెండు అడుగుల రెండున్నర అంగుళాలు ఉండాలి. అడుగున్నర దగ్గరే ఆగిపోతే డ్రైవర్‌తో అక్కడే, ఆ కర్ర చూపించి మాట్లాడవచ్చు. మీ సంపు కొలతలతో లెక్క కట్టి ఒక కాగితం మీద రాసి మోటారు రూములో అంటించండి.

కొత్త బోరు ఎందుకు ఆఖరు

హైదరాబాద్ గ్రానైట్ మీద కూర్చున్న ఊరు. ఇక్కడ భూమి లోపల నీళ్లు ఉండేది పైన శిథిలమైన రాతి పొరలో, దాని కింద గట్టి రాయిలోని పగుళ్లలో. లోతుకు వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అందుకే వెయ్యి అడుగులు వేసినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు ప్రతి కాలనీలో కనిపిస్తాయి. డ్రిల్లింగ్ రేటు కూడా లోతు పెరిగేకొద్దీ అడుగుకు ఇంతని మారుతుంది. మొదట చెప్పిన మొత్తం వేరు, చివరికి చేతికొచ్చే బిల్లు వేరు. పడకపోతే ఆ డబ్బు తిరిగిరాదు. పడినా, పక్కింటి బోరు నీళ్లే మీ వైపు వచ్చి ఉండవచ్చు. వచ్చే వేసవికి వాళ్లు మీకంటే వంద అడుగులు లోతుకు వెళతారు. ఈ పరుగులో గెలిచినవారెవరూ నాకు కనిపించలేదు.

కొత్తది వేయించే ముందు పాత బోరును అడగాల్సినవి అడగండి. మోటారు వేశాక ఎన్ని నిమిషాలకు ధార తెగుతోంది, ఎంతసేపు ఆపితే మళ్లీ అంతే నీళ్లు ఇస్తోంది? ఈ రెండూ తెలిస్తే టైమర్ పెట్టి రోజుకు నాలుగైదు విడతలుగా నడపవచ్చు. ఏకబిగిన తోడితే వచ్చేదానికంటే ఎక్కువ వస్తాయి, మోటారూ కాలిపోదు. కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేయిస్తే పూడిక పోయి కొన్ని బోర్లు తేరుకుంటాయి. కింద లోతు మిగిలి ఉంటే పైపులు కలిపి మోటారు దించవచ్చు. కొత్త బోరు ఖర్చుతో పోలిస్తే ఇవన్నీ చాలా తక్కువ.

ఇవన్నీ చూశాకా కొత్త బోరే కావాలంటే, కొబ్బరికాయ పట్టుకుని తిరిగేవారి మీద ఆధారపడకుండా జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే (భూమిలోకి కరెంటు పంపి నీటి జాడ అంచనా వేసే పరీక్ష) చేయించండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం అనుమతి తీసుకోండి. మే నెలలో పడిన నీళ్లే నికరమని పెద్దలు అంటారు. భూగర్భ జలం బాగా దిగినప్పుడు దొరికినది మిగతా కాలంలోనూ ఉంటుందన్నది నిజమే. కానీ ఆ నెలలో రిగ్గు దొరకదు, రేటు మండిపోతుంది, హడావిడిలో ఒప్పందం సరిగ్గా చదవరు. లోతైన బోరు నీళ్లు తాగాలనుకుంటే ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి.

వాన నీళ్లు: సంపులోకా, భూమిలోకా

హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక సెంటీమీటరు పడితే వెయ్యి లీటర్లు. కారిపోయేది, ఆవిరయ్యేది ఐదో వంతు తీసేసినా ఏడాదికి 64,000 లీటర్లు, పదమూడు ట్యాంకర్ల కింద లెక్క. రెండు వందల గజాల సొంతింటికి ఇది చాలా పెద్ద మొత్తం. ఇరవై ఫ్లాట్ల భవనానికి కప్పు 300 చదరపు మీటర్లుంటే 1,92,000 లీటర్లు వస్తాయి. అది వాళ్ల నెల వాడకం కూడా కాదు. అందుకే సొంతింటివారికి ఒక సలహా, అపార్ట్‌మెంట్‌కు ఇంకోటి.

సొంతింటివారు ముందు కప్పు నీళ్లను ఫిల్టరు గుండా సంపులోకే పట్టుకోవాలి. ఫలితం ఆ రోజే కనిపిస్తుంది. తొలి వానల్లో మొదటి పది పదిహేను నిమిషాల నీళ్లు దుమ్ముతో, పక్షుల రెట్టలతో వస్తాయి. వాటిని బయటికి వదిలే వాల్వు ఉండాలి. మబ్బు పట్టినప్పుడు సంపు నింపుకుని కూర్చోవద్దు, వాన నీటికి చోటుండాలి. సంపు నిండాక పొంగేదాన్ని ఇంకుడు గుంతకు తిప్పండి.

అపార్ట్‌మెంట్లు ఉన్న బోరు చుట్టూ ఇంకుడు గుంత తవ్వించడం మేలు. అడుగున పెద్ద కంకర, దానిమీద చిన్న కంకర, ఆపైన ముతక ఇసుక, పైన కొంత ఖాళీ. ఎండిపోయిన పాత బోరు ఉంటే దాన్ని మూసేయకండి. గుంత మధ్యలో కేసింగుకు రంధ్రాలు చేసి మెష్ చుట్టించి, వడకట్టిన నీళ్లు నేరుగా లోతుకు దించవచ్చు. సెప్టిక్ ట్యాంకుకూ, మ్యాన్‌హోలుకూ దూరంగా ఉండాలి. పార్కింగులో నూనె మరకల మీదుగా వచ్చే నీళ్లను ఇందులోకి రానివ్వకూడదు. మీ ఒక్క గుంతతో మీ ఒక్క బోరే నిండుతుందని హామీ లేదు, నీళ్లు భూమిలో ప్రహరీ గోడ దగ్గర ఆగవు. కాలనీలో పది ఇళ్లు కలిసి చేస్తే తేడా తెలుస్తుంది. తమిళనాడు 2003లోనే దీన్ని ప్రతి భవనానికీ తప్పనిసరి చేసింది.

ఎవరికి ఏది

అద్దెకుండేవారు ఏరేటర్లు, ఫ్లష్ ట్యాంకులో సీసా, ఆర్ఓ నీళ్ల బకెట్ దగ్గర ఆగవచ్చు. ఇల్లు మారినప్పుడు ఏరేటర్లు విప్పి తీసుకెళ్లండి. చిన్న అపార్ట్‌మెంట్లకు లీకేజీ తనిఖీ, తలవారీ లెక్క, బోరు చుట్టూ గుంత, అవసరమైన రోజుల్లో జలమండలి ట్యాంకర్. నల్లా కనెక్షనే లేని ఊరి చివరి గేటెడ్ కమ్యూనిటీలకు ఫ్లాట్‌వారీ మీటర్లు మొదటి పని. ఇప్పటికే ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ఉంటే, దాని నీళ్లు ఫ్లష్‌లకూ తోటలకూ నిజంగా వెళుతున్నాయో, డ్రైనేజీలోకి వదిలేస్తున్నారో చూడండి. సంపు మరీ చిన్నదై నల్లా వచ్చిన గంటలో నీళ్లన్నీ పట్టుకోలేకపోతున్నవారు మాత్రం బోరు, ట్యాంకర్ రెండూ పక్కనపెట్టి ముందు నిల్వ పెంచుకోవాలి. వీరికి నీళ్లు వస్తూనే ఉన్నాయి, పెట్టుకునే చోటే లేదు.

డబ్బు ఒక్కదానికే ఉంటే ఫ్లష్ ట్యాంకుల తనిఖీకి పెట్టండి. రెండింటికి ఉంటే ఏరేటర్లు కలపండి. ఇంకుడు గుంత పని మాత్రం మే నెలాఖరుకు పూర్తి కావాలి. పాత గుంత ఉన్నవారు కూడా అప్పటికి పైపొర ఇసుక తీసి కడిగించి, టెర్రస్ ఊడ్పించి, పైపు నోళ్లకు అడ్డుపడ్డ ఆకులు తీయించుకోవాలి. జూన్ మొదటి వారంలో తొలకరి ఏ రాత్రి పడుతుందో చెప్పలేం.